తుంటి ఆపరేషన్ తర్వాత అమ్మ పల్లెకు వస్తోంది: వీధి వాలు కంటే ముందు బాత్రూం దారి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమ్మకు 72 ఏళ్లు. జారిపడి తుంటి విరిగితే బంతి మార్చే ఆపరేషన్ చేశారు. రెండు వారాల్లో పల్లెలోని సొంతింటికి తీసుకొస్తున్నారు. పాత మిద్దె, మట్టి అడుసుతో కట్టిన గోడలు, వీధి వైపు మూడు మెట్లు, ప్రతి గదికీ గడప. బాత్రూం పెరట్లో నలభై అడుగుల దూరంలో ఉంది, అందులో ఇండియన్ సీటు. తోడుండేది 78 ఏళ్ల నాన్న. పిల్లలు నగరాల్లో. వీధి మెట్ల మీద వాలు కట్టించడానికి మేస్త్రీని మాట్లాడారు, ఇంకేం చెయ్యాలి అని అడిగారు.

మేస్త్రీని వద్దనకండి, పని మార్చండి. అమ్మగారు వీధి మెట్లు దిగితే రోజుకు ఒకసారి, అదీ పగటి పూట, పక్కన మనిషి ఉండగా. బాత్రూంకి మాత్రం ఏడెనిమిది సార్లు వెళ్లాలి. అందులో రెండు మూడు సార్లు చీకట్లో, నిద్రమత్తులో, తొందరలో. రెండోసారి పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నది అక్కడే. ఉన్న డబ్బూ, ఉన్న రెండు వారాలూ ముందు మంచం నుంచి బాత్రూం దాకా పెట్టండి.

వాలు సంగతి కూడా తేల్చేద్దాం. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు ఉండాలన్నది లెక్క. మీ మెట్లు ఒక్కోటి ఏడు అంగుళాలనుకుంటే మొత్తం 21 అంగుళాలు, అంటే 21 అడుగుల వాలు. వీధిలో అంత చోటు ఉండదు. మన ఊళ్లలో మేస్త్రీలకు అలవాటైన వాలు స్కూటర్ ఎక్కించడానికి వేసేది, ఆరేడు అడుగుల్లో ముగించేస్తారు. దాని మీద వాకర్‌తో దిగితే ఒంటి బరువంతా ముందుకు తోస్తుంది, వాకర్ జారిపోతుంది. దానికంటే మెట్లే నయం. మెట్లను అలాగే ఉంచి రెండు వైపులా 34 అంగుళాల ఎత్తున పైపు పట్టుడు పెట్టించండి. కింది మెట్టు దాటాక కూడా పైపు ఒక అడుగు ముందుకు రావాలి, ఆఖరి అడుగు వేసేటప్పుడే చెయ్యి ఖాళీ అయిపోతే తూలుతారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇది అమ్మగారికీ నాన్నగారికీ ఇద్దరికీ నోటికి వచ్చేలా చెప్పండి.

ఇక అసలు పని. ఆసుపత్రిలో ఉండగానే ఒక కొలత తీసుకోండి. అమ్మగారు ఇంట్లో వేసుకునే చెప్పులతో కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఎంత ఎత్తుందో టేపుతో చూడండి. దానికి రెండు అంగుళాలు కలపండి. మంచం, కుర్చీ, కమోడ్ సీటు మూడూ ఆ ఎత్తే ఉండాలి. పుస్తకాల్లో 18 నుంచి 20 అంగుళాలని రాస్తారు కానీ, ఐదడుగుల లోపు మనిషికి ఆ కొలత 17 దగ్గరే తేలవచ్చు. సీటు మరీ ఎత్తయితే పాదాలు నేలకు ఆనక ముందుకు జారతారు. తక్కువైతే మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి, బంతి మార్చిన తుంటికి సరిగ్గా అదే ప్రమాదం. డాక్టర్లు 90 డిగ్రీలకు మించి వంగొద్దని చెప్పేది దీని గురించే.

ఈ కొలతతో చూస్తే నులక మంచం, నవారు మంచం పనికిరావని మీకే తెలుస్తుంది. మధ్యలో గుంటపడి తుంటి కిందికి దిగుతుంది, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాలి. చెక్క మంచం మీద గట్టి కొబ్బరిపీచు పరుపు వేయండి. పరుపు వేశాక, దాని మీద మనిషి కూర్చున్నాక ఎత్తు కొలవాలి, ఖాళీ మంచాన్ని కాదు. తక్కువైతే కాళ్ల కింద ఇటుకలు పెడుతుంటారు. దయచేసి పెట్టకండి, లేచి కూర్చునే ఊపుకు మంచం ఇటుక మీద నుంచి జారుతుంది. వడ్రంగి చేత నాలుగు చెక్క దిమ్మెలు చేయించి, ఒక్కోదాంట్లో మంచం కోడు కూర్చునేలా అంగుళం లోతు గుంట తీయించండి. మంచాన్ని గోడకు ఆనించి పెట్టేటప్పుడు, ఆపరేషన్ కాని కాలు వైపు నుంచి దిగాలా, రెండో వైపు నుంచా అన్నది ఫిజియోథెరపిస్టును అడిగి ఆ వైపు మూడడుగుల ఖాళీ ఉంచండి.

కుర్చీకి చేతులుండాలి, లేచేటప్పుడు రెండు చేతులతో నొక్కి లేవాలి. ఇంట్లో ఉండే తేలిక ప్లాస్టిక్ కుర్చీలు టైల్స్ మీద కాళ్లు విచ్చుకుని వెనక్కి జారతాయి. బరువైన చెక్క కుర్చీ ఒకటి గోడకు ఆనించి ఉంచితే చాలు.

నలభై అడుగుల దూరం రాత్రి పూట అసలు నడవనక్కర్లేదు. మొదటి రెండు మూడు నెలలు మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి. చక్రాలు లేనిది, చేతులున్నది, కాళ్ల ఎత్తు మార్చుకునే బొక్కలున్నది కొనండి. కింద బక్కెట్‌లో ముందే రెండు మగ్గుల నీళ్లు పోసి ఉంచితే వాసన తక్కువ, ఉదయం కడగడం తేలిక. చుట్టూ తాడు కట్టి పాత చీర తెరలా వేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఇంట్లో నలుగురు తిరుగుతున్న చోట తెర లేకపోతే ఆమె దాన్ని వాడరు. ఎవరికీ చెప్పకుండా చీకట్లో పెరట్లోకి బయల్దేరతారు. లేదంటే సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు.

పగటి కోసం పెరటి దారి. బండలు అక్కడక్కడా వేసి ఉంటే అంచులు తన్నుకుంటాయి, మట్టి అయితే వానాకాలం వాకర్ కాళ్లు దిగబడతాయి. మూడడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందంతో సిమెంటు బాట వేయించండి. నలభై అడుగుల బాటకు సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపితే దాదాపు ఎనిమిది బస్తాల సిమెంటు, 20 ఘనపుటడుగుల ఇసుక, 40 ఘనపుటడుగుల కంకర పడతాయి. పైన నున్నగా తాపీ పట్టనివ్వకండి, పచ్చిగా ఉండగానే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు లాగించండి. నీళ్లు నిలవకుండా ఒక పక్కకు కొంచెం వాలు. వేశాక ఏడు రోజులు తడుపుతూ ఉండాలి కాబట్టి మేస్త్రీ మొదటి రోజు మొదలుపెట్టాల్సింది ఈ పనే. బాట ఒక వైపు మూడడుగుల ఎత్తున పైపు పట్టుడు ఉంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు.

బాట మీద కళ్ళాపి చల్లకండి. ముగ్గు పక్కన వేసుకోవచ్చు, నడిచే మూడడుగులు ఎప్పుడూ పొడిగా ఉండాలి. దూడ తాడు, కోళ్ల గంప, ఆరేసిన మిరపకాయల పట్టా ఏవీ బాట మీదికి రాకూడదు.

బాత్రూంలో ఇండియన్ సీటు తీయించి కమోడ్ పెట్టించగలిగితే అదే మంచిది. ప్లంబర్‌కు ఒకటి రెండు రోజుల పని. కొనే ముందు పాత సీటు పైపు గోడ నుంచి ఎంత దూరంలో దిగుతోందో కొలిచి షాపులో చెప్పండి. నేలలోకి దిగేది ఎస్ ట్రాప్, గోడలోకి పోయేది పి ట్రాప్, తప్పుది తెస్తే నేల మళ్లీ పగలగొట్టాలి. మామూలు కమోడ్ ఎత్తు 15, 16 అంగుళాలే ఉంటుంది. మీ కొలతకు తక్కువైతే కింద సిమెంటు దిమ్మె వేస్తారు. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే తప్పు ఒకటుంది. మేస్త్రీ చూడ్డానికి బాగుంటుందని దిమ్మెను కమోడ్ చుట్టూ అడుగు వెడల్పున అరుగులా కడతాడు. అప్పుడు పాదాలు కూడా ఆ అరుగు మీదే ఉంటాయి, ఎత్తు పెరిగిన లాభం సున్నా, పైగా దిగేటప్పుడు తట్టుకునే మెట్టు ఒకటి కొత్తగా వస్తుంది. దిమ్మె సరిగ్గా కమోడ్ అడుగు భాగమంతే ఉండాలి, ఒక్క అంగుళం కూడా బయటికి రాకూడదు. కట్టడం ఇప్పుడు కుదరకపోతే సీటు మీద బిగించే ప్లాస్టిక్ రైజర్లు రెండు, నాలుగు అంగుళాల ఎత్తుల్లో దొరుకుతాయి. మరలతో బిగించేది తీసుకోండి, ఊరికే పెట్టేవి పక్కకు జరుగుతాయి.

ఇండియన్ సీటు మీద పెట్టే స్టీలు స్టూలు తాత్కాలికంగా నడుస్తుంది. కానీ దాని నాలుగు కాళ్లూ సమంగా నేల మీద ఆనాలి. ఒక కాలు పాదాలు పెట్టే గట్టు మీదికి ఎక్కితే ఊగుతుంది. మీరు కూర్చుని పక్కలకు వాలి చూడండి, కొంచెం కదిలినా వద్దు.

పట్టుకునే పిడుల దగ్గర మీ ఇంటికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. సిమెంటుతో కట్టిన ఇటుక గోడయితే 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు, పూత పోగా మూడు అంగుళాలు ఇటుకలోకి దిగేలా, ఇటుకల సందులో కాకుండా ఇటుక మధ్యలో వేస్తే నిలుస్తాయి. మట్టి అడుసు గోడలో ఏ బోల్టూ నిలవదు. బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది, నెల తర్వాత అమ్మగారు బరువంతా వేసిన రోజు గోడ పెచ్చుతో సహా ఊడి వస్తుంది. దానికి రెండు దారులు. ఒకటి, గోడకు ఈ పక్క నుంచి ఆ పక్కకు రాడ్ దూర్చి, అవతల వైపు ఆరు అంగుళాల ఇనుప ప్లేటు వేసి నట్టు బిగించడం. రెండోది, నా ఉద్దేశంలో మీకు సరైనది, గోడను నమ్ముకోకుండా నేలలో పాతడం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీసి కాంక్రీటులో జీఐ పైపు నిలబెట్టి, పైన అడ్డ పైపు వెల్డింగ్ చేయించండి. ఊళ్లో గేట్లు చేసే వెల్డింగ్ షాపు అతను సగం రోజులో చేస్తాడు. కాంక్రీటు వారం రోజులు ఆరే దాకా దాని మీద బరువు వేయకూడదు.

పైపు సైజు చెప్పేటప్పుడు జాగ్రత్త. హార్డ్‌వేర్ షాపులో అంగుళం జీఐ పైపు అంటే బయటి కొలత దాదాపు 34 మిల్లీమీటర్లు, అంగుళంపావు అంటే 42. చిన్న చెయ్యికి అంగుళం పైపు పిడికిట్లో సరిగ్గా ఇముడుతుంది. మెట్ల పక్కన పొడవాటి పట్టుడుకు అంగుళంపావు తీసుకోండి. గోడకూ పైపుకూ మధ్య అంగుళంన్నర సందు చాలు, ఎక్కువైతే చెయ్యి అందులోకి జారి ఇరుక్కుంటుంది. కమోడ్ పక్కన అడ్డంగా, సీటు కంటే తొమ్మిది పది అంగుళాల పైన ఒకటి. లేచి నిలబడటానికి కొంచెం ముందుగా నిలువుగా ఒకటి. తువ్వాలు తగిలించే రాడ్ ఉంటే తీసేయించండి, తూలినప్పుడు చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. అన్నీ బిగించాక మీరే రెండు చేతులతో వేలాడి చూడండి.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే తలుపు తోయలేరు, లోపల ఉన్నవారు జరగలేరు. లోపలి గడియ తీసేసి తెర వేసినా సరే. వాకర్ పట్టాలంటే తలుపు సందు కనీసం 28, 30 అంగుళాలు ఉండాలి. చక్రాల కుర్చీ అవసరం రావచ్చనుకుంటే 32. రెండడుగుల తలుపు పెట్టి ఉంటే చౌకట్టు మార్చాల్సిందే.

నేలకు నిగనిగలాడే టైల్స్ వద్దు. గరుకు టైల్స్, లేదా పాలిష్ పట్టని తాండూరు బండ మంచిది. గరుకు నేల మీద సబ్బు, పాచి పేరుకుంటే అది కూడా జారుతుంది కాబట్టి వారానికి రెండుసార్లు బ్రష్షుతో రుద్దాలి. బ్లీచింగ్ పౌడర్ వాడిన రోజు బాత్రూం యాసిడ్ వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న గదిలో ప్రాణం మీదికి తెస్తుంది.

స్నానానికి చేతులున్న కుర్చీ, బక్కెట్ పెట్టడానికి అంతే ఎత్తు స్టూలు. బక్కెట్ నేల మీద ఉంటే ప్రతి చెంబుకీ వంగాలి, తుంటికి అదే వద్దన్నది. వేడి నీళ్ల రాడ్ బక్కెట్‌లో వేసే అలవాటుంటే ప్లగ్ తీసేశాకే ఎవరైనా నీళ్లు ముట్టుకోవాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచినప్పుడు మీటరు దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, కరెంటు లీకైతే వెంటనే ఆపేస్తుంది. ఎర్తింగ్ కూడా చూడమనండి. మంచం పక్కన, పెరటి తలుపు దగ్గర, బాత్రూంలో కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ బల్బులు మూడు పెట్టండి. మంచం మీద నుంచి లేవకుండా అందే స్విచ్ ఒకటి తప్పనిసరి.

గడపలు. వాటిని తీసేయమని నేను చెప్పను, అమ్మగారు ఒప్పుకోరు కూడా. బాత్రూం గడపను మాత్రం తీయించి నీళ్లు బయటికి రాకుండా నేల వాలు లోపలికి సరిచేయించండి. ఇంట్లోని రెండు మూడు అంగుళాల గడపలను వాకర్ ముందు అవతల పెట్టి, తర్వాత కాలు వేసి దాటవచ్చు, పట్టుకోవడానికి ద్వారబంధానికి నిలువు పిడి ఉంటే. ద్వారబంధం చెక్క కాబట్టి ఇక్కడ గోడ గొడవ లేదు. అడుగున్నర పొడవు పిడి, నేల నుంచి 30 అంగుళాల దగ్గర మొదలయ్యేలా, రెండున్నర అంగుళాల చెక్క మరలతో బిగించండి. గడపకు పసుపు రాసే అలవాటు ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది. కంటి చూపు మందగించినవారికి మట్టిరంగు గడప కనపడదు, నిండు పసుపు గడప కనపడుతుంది. వెలిసిపోనివ్వకండి. గడప ముందు గోనెపట్టాలు, పాత చీరతో చేసిన కాళ్లు తుడుచుకునే గుడ్డలు మాత్రం తీసేయాలి.

వాకర్ ఎత్తు ఇలా చూడండి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. ఎక్కువ ఎత్తుంటే భుజాలు లేస్తాయి, తక్కువైతే వంగి నడుస్తారు. పెరటి నేలకు చక్రాలు లేనిదే మంచిది. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు అరిగి లోపలి అల్యూమినియం కనిపించిందంటే ఆ రోజే మార్చాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్నవి కావాలి. చీర కుచ్చిళ్లు చీలమండకు రెండు అంగుళాల పైన ఉండాలి.

పల్లెటూరి పనుల్లో సగం నేల మీదివే, ఇది ఆసుపత్రిలో ఎవరూ విడమరచి చెప్పరు. కత్తిపీట, రోలు, పొయ్యి ఊదడం, బాసింపట్టు వేసుకుని భోజనం, పీట మీద పూజ అన్నీ ఆపాలి. ఎన్నాళ్లన్నది సర్జన్‌ను అడగండి, చాలామందికి మూడు నెలలు చెబుతారు. కింద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం ఇక ఎప్పటికీ వద్దనవచ్చు. కాలు మీద కాలు వేయకూడదు, పాదాన్ని లోపలికి తిప్పకూడదు, పక్కకు తిరిగి పడుకుంటే కాళ్ల మధ్య దిండు ఉండాలి. అలాగని పనులన్నీ లాక్కోకండి. బల్ల మీద చాకుతో కూరలు తరగనివ్వండి, కుర్చీలో కూర్చుని పూజ చేసుకునేలా దేవుడి పటాలను ఎత్తు మీద పెట్టండి. మంచానికి అంటిపెట్టుకున్న కొద్దీ కండ కరుగుతుంది, కండ కరిగితే మళ్లీ పడతారు.

లేచేటప్పుడు ముందు మంచం అంచున కూర్చుని రెండు నిమిషాలు పాదాలు పైకీ కిందికీ ఆడించి, కళ్లు తిరగడం లేదని చూసుకుని అప్పుడు నిలబడాలి. బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు, నొప్పికి ఇచ్చే ట్రామడాల్ లాంటివి లేవగానే తూలేలా చేస్తాయి. ట్రామడాల్ మలబద్ధకం కూడా తెస్తుంది. మందుల చీటీ మొత్తం ఒకే డాక్టర్‌కు చూపించి ఏవి తగ్గించవచ్చో అడగండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే పగలు ఆరేడు గ్లాసులు తాగాలి, రాత్రి ఏడు తర్వాత తగ్గించవచ్చు. పూటపూటకూ పప్పో గుడ్డో పెరుగో ఉండాలి, ఉత్త అన్నం చారుతో కండ పట్టదు.

రాత్రుళ్లు ఉన్నట్టుండి ఎవరినీ గుర్తుపట్టకుండా మాట్లాడితే, లేని మనుషులు కనిపిస్తున్నారంటే, అది గాలి సోకడం కాదు, మతి పోవడం కూడా కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, మందులు వీటిలో ఏదో ఒకటి కారణమై ఉండవచ్చు. మర్నాడే డాక్టర్‌కు చూపించాలి. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుడితే అదే రోజు వెళ్లాలి. ఆయాసం వస్తే గానీ, ఛాతీ నొప్పి వస్తే గానీ వెంటనే 108కి ఫోన్ చేయాలి.

నాన్నగారి గురించి. ఆయన ఆమెను ఎత్తకూడదు, చేతులు పట్టి లాగకూడదు. 78 ఏళ్ల నడుము పట్టేస్తే ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. ఆమె నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, ఆపరేషన్ కాలు వైపు కొంచెం వెనకగా నిలబడి బెల్టు పట్టుకుని నడిపించడమే ఆయన పని. ఊళ్లో ఒక మనిషిని మాట్లాడండి, ఉదయం రెండు గంటలు, సాయంత్రం ఒక గంట చాలు: స్నానం, కమోడ్ బక్కెట్, బాట ఊడవడం, నడక. ఆ పనిమనిషిని ఆసుపత్రికి ఒక రోజు తీసుకెళ్లి ఫిజియోథెరపిస్టు చేత నేర్పించండి, ఫోన్లో చెబితే రాదు. వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి కొని బటన్ మంచం కోడుకు కట్టి, గంట నాన్నగారి తల దగ్గర పెట్టండి. ఆయనకు వినికిడి తక్కువైతే లైటు కూడా వెలిగేది చూడండి.

పడిపోతే వెంటనే లేపకండి. తలకు దెబ్బ ఉందా, కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికో లోపలికో తిరిగి ఉందా చూడాలి. ఉంటే, లేదా కాలు కదిపితే విపరీతంగా నొప్పంటే, ఉన్నచోటే కదపకుండా ఉంచి, దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. ఏమీ లేదనుకుంటే కూడా ఇద్దరు ముగ్గురు వచ్చాకే, కుర్చీ దగ్గరపెట్టి లేపాలి.

నిలబడి ఉన్న మనిషి కిందపడితే తుంటి విరిగిందంటే ఎముక గుల్లబారిందని అర్థం, రెండో తుంటికీ అదే ముప్పు. ఆపరేషన్ అయ్యాక దీనికి మందు మొదలుపెట్టడం చాలా ఇళ్లలో మరిచిపోతారు. డిశ్చార్జి రోజే అడగండి. కాల్షియం, విటమిన్ డి కాకుండా వారానికొక మాత్ర, లేదా ఏడాదికొక ఇంజక్షన్ ఉంటాయి. మాత్రయితే పరగడుపున గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పాటు పడుకోకూడదు. కంట్లో శుక్లం ఉంటే అది కూడా తీయించాలి.

సర్కారు నుంచి వచ్చేవి కొన్ని. 60 దాటి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నా, నెలకు 15,000 లోపు ఆదాయం ఉన్నా, 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో వాకర్, చేతికర్ర, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం ఉచితంగా ఇస్తారు. వీటిని తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో శిబిరాలు ఎప్పుడు పెడతారో మండల ఆఫీసులో అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2,016, దివ్యాంగులకు 4,016. దివ్యాంగ పింఛనుకు వైకల్య సర్టిఫికెట్‌లో (ఆంధ్రప్రదేశ్‌లో సదరం) కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి, అక్కడ చూసేది శాశ్వత వైకల్యాన్ని, కాబట్టి ఇప్పుడే పరుగెత్తకండి. పెద్దల హెల్ప్‌లైన్ 14567.

అమ్మగారు రావడానికి కనీసం ఎనిమిది రోజుల ముందే ఒక రాత్రి అందరూ పడుకున్నాక మీరు ఆ మంచం మీద పడుకోండి. లైట్లు ఆర్పి, వాకర్ తీసుకుని, ఒక కాలి మీద బరువు తగ్గించి బాత్రూం దాకా వెళ్లిరండి. మీ చెయ్యి ఎక్కడెక్కడ గోడ కోసం తడిమిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పొద్దున్నే వెల్డింగ్ అతను వచ్చి పిడి పెట్టాల్సింది అక్కడే.